మరిది వేయించిన టైర్లు, ఘాట్ దిగాక వణికే స్టీరింగు

కొరాపుట్ జిల్లా సెమిలిగుడ నుంచి ఒక సోదరి రాశారు. పేరు వద్దన్నారు. పొట్టంగి వైపు కొండవాలులో మామగారు పెంచిన కాఫీ, మిరియాల తోట ఉంది. ఆయన పోయాక తోట పని ఈవిడ మీద పడింది. భర్తకు హైదరాబాదులో ఉద్యోగం, నెలకోసారి వస్తారు. తోటకు వెళ్ళేది మామగారి మారుతి జిప్సీలో, 2012 మోడల్. నడిపేది ఈవిడే.

నిరుడు వానల్లో బండి మాటిమాటికీ బురదలో దిగబడుతుంటే చూడలేక, మరిది తన జీతం డబ్బుతో 31 అంగుళాల మడ్ టైర్లు, వాటికి సరిపడే కొత్త ఇనుప డిస్కులు, అంటే టైరు ఎక్కే రిమ్ములు, కొన్నాడు. కమాన్ పట్టీల చివర తగిలించే లింకులు, అంటే షాకిల్స్, పొడవువి వేయించి బండిని ఎత్తు చేయించాడు. ఇప్పుడు తోటదారిలో బండి ఎక్కడా ఆగడం లేదు. చిక్కంతా తారురోడ్డు మీదే. నెలకోసారి అత్తగారిని గుండె పరీక్షకు విజయనగరం తీసుకెళ్ళాలి. సుంకి ఘాట్ దిగి, సాలూరు దాటి వేగం అందుకున్నాక మీటరు 60 దగ్గర స్టీరింగు వణకడం మొదలవుతుంది, 75కి వచ్చేసరికి కాస్త తగ్గుతుంది. క్రితం నెల రామభద్రపురం దగ్గర కల్వర్టు అతుకు మీద చక్రం పడగానే, స్టీరింగు చేతుల్లోంచి లాక్కున్నట్టు కొట్టుకుందట. బండి దాదాపు ఆగేదాకా ఊరుకోలేదట. అప్పటినుంచి అత్తగారు సింహాద్రి అప్పన్నకు దణ్ణం పెట్టుకున్నాకే బండెక్కుతున్నారు.

జయపురంలో ఒక షాపువాళ్ళు ఇంత చక్రం తమ బ్యాలెన్సింగ్ మిషన్‌కి పట్టదన్నారు. ఇంకో షాపులో చక్రం బరువు సమం చేసే వెయిట్లు డిస్కుకు వేశారు, ఒక చక్రానికైతే 180 గ్రాములు. వారం తిరగకుండా మళ్ళీ మొదలైంది. సాలూరులో లారీ టైర్ల మేస్త్రి "మడ్ టైరంటే అంతేనమ్మా, అలవాటు పడాలి" అన్నాడు. మరిది స్నేహితుడు బ్యాలెన్స్ కోసం టైరు లోపల పూసలు పోయించమంటున్నాడు. పాత చక్రాలు ఇంకా గోదాములోనే ఉన్నాయి. భర్త ఫోన్లో "పాతవి వేసెయ్" అంటారు. అత్తగారేమో "చిన్నాడు మనసుపడి కొన్నాడు, తీసేస్తే ఏమనుకుంటాడు" అంటారు. "టైర్లు ఉంచాలా, తీసెయ్యాలా? ఉంచితే ఈ వణుకు పోతుందా? తీసేస్తే మరిదికి ఎలా చెప్పాలి?" అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో రెండు వణుకులున్నాయి. మీరు వాటిని ఒకటిగా చెప్పారు, షాపువాళ్ళూ ఒకటిగానే విన్నట్టున్నారు. మీటరు 60 దగ్గర మొదలై 75కి సన్నగిల్లేది చక్రంలో బరువు సమానంగా లేకపోతే వచ్చే వణుకు. ఫలానా వేగం దగ్గర పుట్టడం, అది దాటితే తగ్గడం దాని లక్షణం. కల్వర్టు దగ్గర వచ్చింది వేరు. గతుకు తగలగానే పుట్టి, బండి నెమ్మదించేదాకా వదలలేదంటే ముందు యాక్సిల్‌లో ఎక్కడో వదులు ఉందని అనుమానించాలి. మొదటిది విసుగు పుట్టిస్తుంది. రెండోది ప్రాణం మీదకు తెస్తుంది. బ్యాలెన్సింగ్ షాపులో దొరికేది మొదటిదానికి మాత్రమే మందు.

మీ మీటరు కూడా ఇప్పుడు తప్పు చూపిస్తోంది. జిప్సీకి కంపెనీ ఇచ్చే 205/70 ఆర్15 టైరు వ్యాసం సుమారు 67 సెంటీమీటర్లు. ఇప్పుడున్నది 79కి దగ్గర. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి పాతదానికన్నా దాదాపు 18 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. అది 60 అంటే మీరు 70లో ఉన్నారు, 75 అంటే 88లో. అత్తగారు ఊరికే దణ్ణం పెట్టుకోవడం లేదు.

పెద్ద టైరు ఎందుకు ఇంత పేచీ పెడుతుందో తెలిస్తే షాపులో ఏం అడగాలో మీకే తెలుస్తుంది. టైరు పైరబ్బరులో ఒకచోట 60 గ్రాములు ఎక్కువుందనుకోండి. నిజమైన 80 కిలోమీటర్ల వేగంలో మీ చక్రం సెకనుకు 9 సార్లు తిరుగుతుంది. ఆ 60 గ్రాములు అప్పుడు చక్రాన్ని బయటికి లాగే బలం ఏడెనిమిది కిలోల బరువుతో సమానం. 40లో వెళితే అందులో నాలుగోవంతే ఉంటుంది, అందుకే తోటదారిలో మీకేమీ తెలియదు. పోనీ 60 గ్రాములకు 60 గ్రాముల వెయిట్ వేస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. ఎక్కువ బరువు ఉన్నది టైరు అంచున, వెయిట్ వేసేది డిస్కు అంచున. డిస్కు అంచు మధ్యకు సగం దూరంలోనే ఉంది కాబట్టి రెట్టింపు, అంటే 120 గ్రాములు కావాలి. కాబట్టి 180 అన్న అంకె చూసి షాపువాడు మోసం చేశాడనుకోకండి. కాకపోతే అంత వెయిట్ అడిగినప్పుడు, వేసే ముందు కారణం వెతకాల్సింది. ఆయన వెతకలేదు.

ముందుగా ఖర్చు లేని పని ఒకటి చెబుతాను. గోదాములో ఉన్న పాత చక్రాలు నాలుగూ వేసి, సమంగా ఉన్న తారురోడ్డు మీద నడపండి. టైర్లలో గాలి సరిచూడండి. వేగం మీటరులో చూడకుండా ఫోనులో జీపీఎస్‌తో చూడండి. 70 దగ్గర వణుకు లేకపోతే తప్పు కొత్త టైర్లదో, కొత్త డిస్కులదో. ఉంటే ఇన్నాళ్ళూ టైర్లను ఊరికే తిట్టారన్నమాట. ఒక జాగ్రత్త. పాత చక్రాలతో బండి బుద్ధిగా నడిచినంత మాత్రాన యాక్సిల్ బాగుందని అనుకోకూడదు. చిన్న చక్రం బరువు తక్కువ, దాని కింద వదులు దాక్కుంటుంది.

అందుకని ఎలాగైనా మిస్త్రీతో ఇది చేయించండి. జిప్సీకి ముందు కూడా గట్టి యాక్సిలే, కమాన్ పట్టీల మీద కూర్చుని ఉంటుంది. చక్రం పక్కకు తిరగడానికి పైన ఒకటి, కింద ఒకటి కింగ్‌పిన్ బేరింగులుంటాయి. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపమనండి. టకటక ఆడితే మీరు బండిలో కూర్చుని బ్రేకు తొక్కండి, అతను మళ్ళీ ఊపుతాడు. బ్రేకు తొక్కగానే ఆట ఆగిపోతే తప్పు వీల్ బేరింగుది. తొక్కినా ఆడుతుంటే కింగ్‌పిన్‌ది. ఆ తర్వాత చక్రాన్ని కుడిఎడమల పట్టుకుని ఊపితే రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ చివర్లలో వదులు ఉందో లేదో తెలుస్తుంది. కింగ్‌పిన్ బేరింగులు మార్చి, సన్నటి రేకు ముక్కలతో, అంటే షిమ్ములతో, బిగువు సరిచూసుకుంటే జిప్సీ స్టీరింగు కొట్టుకోవడం చాలావరకు అక్కడే తీరిపోతుంది. కొందరు మిస్త్రీలు స్టీరింగు కుదుపును అదిమే కొత్త స్టీరింగ్ డాంపర్ వేసి పంపేస్తారు. అది వణుకును కొన్నాళ్ళు కప్పిపెడుతుంది, లోపలి వదులు అలాగే పెరుగుతూ ఉంటుంది. ముందే డాంపర్ వేయించుకోవద్దు.

మీ మరిది వేయించిన పొడవు షాకిల్స్ సంగతి కూడా అడగండి. ముందువైపు ఎత్తు పెంచితే యాక్సిల్ కొద్దిగా తిరిగిపోయి కాస్టర్ కోణం తగ్గుతుంది. స్టీరింగు తనంతట తాను తిన్నగా నిలబడేది ఆ కోణం వల్లే. మలుపు తిరిగాక స్టీరింగు వెనక్కి రావడం బద్ధకంగా ఉంటే అదే కారణం కావచ్చు. కమాన్ పట్టీకి, యాక్సిల్‌కి మధ్య ఏటవాలు ముక్క పెట్టి దాన్ని సరిచేస్తారు. అలైన్‌మెంట్ షాపులో కాస్టర్ ఎంతుందో కాగితం మీద అచ్చు వేసి ఇమ్మనండి, నోటి మాట వద్దు.

ఇక టైర్ల సంగతి. అన్నిటికన్నా ముందు డిస్కు లోపలి వైపు చూడండి. మీ కొండల ఎర్రమట్టి లోపలి గాడిలో పట్టుకుని ఎండితే ఇటుకలా తయారవుతుంది. చేత్తో తడిమి, గరిటెతో గీకి, నీళ్ళతో కడిగాకే షాపుకు వెళ్ళాలి. మట్టితో ఉన్న చక్రాన్ని బ్యాలెన్స్ చేస్తే, ఆ మట్టి రాలిన రోజే వణుకు తిరిగొస్తుంది. "వారం తిరగకుండా మళ్ళీ మొదలైంది" అని మీరు రాసింది చదవగానే నాకు మొదట తోచింది ఇదే.

రెండో అనుమానం గాలి మీద. బురదలో పట్టు కోసం తోటలో గాలి తగ్గిస్తున్నారా? చాలామంది తగ్గిస్తారు, తప్పేం లేదు. గాలి తక్కువగా ఉన్నప్పుడు గట్టిగా ఆక్సిలేటర్ ఇస్తే డిస్కు తిరుగుతుంది, టైరు దాని మీద కొంచెం జారి వెనకబడుతుంది. అంతే, షాపులో వేసిన వెయిట్లకు, టైరులో బరువున్న చోటుకు లెక్క తప్పిపోతుంది. బ్యాలెన్సింగ్ అయిన రోజునే డిస్కు మీద నుంచి టైరు మీదకు పెయింటుతో ఒక అడ్డగీత గీయండి. వారం తర్వాత గీత రెండు ముక్కలై పక్కకు జరిగి కనిపిస్తే షాపుది తప్పు కాదని తెలిసిపోతుంది.

మూడోది టైరు గుండ్రంగా ఉందా లేదా అన్నది. చక్రం లేపి, రబ్బరుకు దగ్గరగా ఒక స్క్రూడ్రైవరును కదలకుండా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. ఒకచోట సందు ఎక్కువ, ఇంకోచోట తక్కువ వస్తే, అందులోనూ తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే, ఎన్ని వెయిట్లు వేసినా లాభం లేదు. వంకర టైరును ఏ మిషనూ గుండ్రంగా చేయలేదు. టైరు డిస్కును కలిసే చోట చుట్టూ ఒక సన్నటి గీత ఉంటుంది, అది డిస్కు అంచుకు అన్నిచోట్లా ఒకే దూరంలో ఉండాలి. ఒకవైపు లోపలికి దాక్కుంటే టైరు సరిగ్గా కూర్చోలేదని అర్థం. గాలి తీసి, అంచుకు సబ్బు నీళ్ళు రాసి మళ్ళీ ఎక్కించాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాక షాపులో నోరు తెరిచి అడగాల్సినవి ఉన్నాయి. మొదటి షాపు చక్రం పట్టదంది కదా, మిషన్ ప్లేటు మీద ఎంత వ్యాసం, ఎంత బరువు దాకా పడుతుందో రాసి ఉంటుంది, చూడండి. చాలాసార్లు పట్టకపోవడం కాదు, అంత బరువు ఎత్తి పెట్టడానికి బద్ధకం. ఇంతకన్నా ముఖ్యం, చక్రాన్ని మిషన్ మీద ఎలా నిలబెడుతున్నారన్నది. మామూలుగా మధ్య రంధ్రంలో కోను దూర్చి బిగిస్తారు. బయట కొన్న ఇనుప డిస్కులకు ఆ రంధ్రం పెద్దదిగా, ఒక్కోసారి సరిగ్గా మధ్యలో లేకుండా ఉంటుంది. బండి మీద ఆ చక్రాన్ని మధ్యలో నిలిపేవి నట్లు. అలాంటప్పుడు మిషన్ ఒక కేంద్రం చుట్టూ తిప్పి లెక్క చెబుతుంది, రోడ్డు మీద చక్రం ఇంకో కేంద్రం చుట్టూ తిరుగుతుంది. నట్ల రంధ్రాల్లోంచి పట్టుకునే ఫ్లాంజ్ ప్లేటు ఉందా అని అడగండి. లేదంటే ఇంకో షాపు చూసుకోండి. మీ టైరు పదిన్నర అంగుళాల వెడల్పు కాబట్టి వెయిట్లు లోపలి వైపు, బయటి వైపు విడివిడిగా లెక్క కట్టాలి. మధ్యలో ఒకచోట వేసి సరే అంటే పైకీ కిందకీ కొట్టడం తగ్గుతుందేమో గాని, పక్కలకు ఊగడం పోదు. 100 గ్రాములు దాటి అడిగిందంటే, వెయిట్ వేసే ముందు గాలి తీసి టైరును డిస్కు మీద సగం చుట్టు తిప్పి ఎక్కించమనండి. డిస్కులో బరువైన చోటు, టైరులో బరువైన చోటు ఒకేవైపు పడి ఉంటే ఆ తిప్పడంతో అంకె సగానికి పడిపోవచ్చు. దీనికి అదనంగా కూలి ఇవ్వాల్సి వస్తుంది, ఇవ్వండి.

లారీ మేస్త్రి మాట పట్టుకోవద్దు. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరే, ఆయనకు టైర్లు తెలియక కాదు. లారీవాళ్ళు వణుకును పెద్దగా పట్టించుకోరు, ఆయన మీకు చెప్పింది ఆ అలవాటు.

పూసల మాటకు వస్తే, అది వట్టి గాలికబురేం కాదు. సన్నటి గాజు, పింగాణీ పూసలను టైరులో పోస్తే వేగంలో అవే తేలికగా ఉన్న వైపుకు సర్దుకుంటాయి. పెద్ద టైర్లకు కొన్ని దేశాల్లో వాడతారు. మీకు మాత్రం నేను చెప్పను. మీరు గాలి దించడం, ఎక్కించడం చేస్తే పూస వాల్వులో ఇరుక్కుంటుంది. మీ వైపు తేమకు లోపల చెమ్మ చేరితే ముద్దకడతాయి. గుండ్రంగా లేని టైరుకు, పక్కలకు ఊగే చక్రానికి అవి ఏమీ చేయలేవు. ఇంకోటి, మరిది టైర్లలో పంక్చర్ లిక్విడ్ ఏమైనా పోయించాడేమో కనుక్కోండి. అది ఆగి ఉన్నప్పుడు అడుగున చేరి, బయల్దేరగానే బ్యాలెన్స్ చెడగొడుతుంది.

యాక్సిల్ బాగుచేయించడం ఎలాగూ తప్పదు, దాన్ని పక్కన పెట్టి టైర్ల గురించి మీ ముందున్న దారులు చెబుతాను.

ఇవే టైర్లు ఉంచుకుని, పైన చెప్పినట్టు చేయించుకుంటే నిజమైన 70 దాకా హాయిగా వెళ్ళొచ్చు. వణుకు పూర్తిగా పోతుందని మాట ఇవ్వను. మడ్ టైరు దిమ్మలు తారు మీద ఒకవైపు ఎక్కువ అరుగుతాయి, కాబట్టి కొన్ని వేల కిలోమీటర్లకోసారి మళ్ళీ బ్యాలెన్సింగ్, ముందువి వెనక్కి మార్చడం తప్పదు. తడిసిన తారు మీద ఆ దిమ్మలకు పట్టు తక్కువ, బ్రేకు దూరం ఎక్కువ. వానలో సుంకి ఘాట్ దిగేటప్పుడు ఇది గుర్తుండాలి. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, కంపెనీ ఇచ్చిన లెక్కలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే బీమా వాళ్ళు దీన్ని పట్టుకుని పేచీ పెట్టొచ్చు. 2012 బండి కాబట్టి 2027లో ఆర్‌సీ రెన్యువల్‌కి తనిఖీకి వెళ్ళాలి, అప్పుడూ ఇదే ప్రశ్న వస్తుంది.

రెండు జతలు ఉంచుకోవడం ఇంకో దారి. తోటకు పెద్దవి, విజయనగరానికి పాతవి. డబ్బు ఖర్చు దాదాపు లేదు, మీటరు కూడా నిజం చెబుతుంది. నెలకోసారి నాలుగు చక్రాలు విప్పి బిగించాలి. మంచి జాకీ, స్పానర్ ఉంటే తోటలో ఒక కుర్రాడు సాయముంటే చాలు. మార్చేటప్పుడు నాలుగూ మార్చాలి, స్టెప్నీ కూడా ఆ జతదే ఉండాలి. ముందు ఒక సైజు, వెనక ఒక సైజు పెట్టి ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనక చక్రాలకు ఇంజను బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పాడవుతుంది. ఇనుప డిస్కుల నట్లు పాతవాటికి సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూసుకోండి. బిగించాక 50 కిలోమీటర్లు వెళ్ళి మళ్ళీ ఒకసారి బిగించాలి. నన్నడిగితే నా మొగ్గు దీనివైపే, పని ఎక్కువైనా.

ఈ మార్చడాలు మీ వల్ల కాదనుకుంటే 215/75 ఆర్15 సైజులో ఆల్ టెర్రైన్ టైర్లు చూడండి. పాతవాటికన్నా అయిదు శాతమే పెద్దవి. నిజమైన బురదలో మడ్ టైరుకు సాటి రావు, ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్టరు పిలవాల్సి రావచ్చు. రోడ్డు మీద మాత్రం సుఖం. కానీ మరిది డబ్బుకు ఇంకో డబ్బు తోడవుతుంది, అది మీ ఇంట్లో ఎలా వినిపిస్తుందో మీకే తెలుసు.

జిప్సీని తోటకే ఉంచేసి, విజయనగరానికి అద్దె కారు పెట్టుకోవడం కూడా ఒక మార్గమే. నెలకొక్కసారికి అంత భారం కాదు. అయితే మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, "అత్తయ్య నేను నడిపితేనే వస్తారు" అని. ఆ మాట చదివాక ఈ దారిని గట్టిగా చెప్పలేకపోతున్నాను.

మరిది సంగతి. అతను వేయించిన టైర్లు చేయాల్సిన పని చేశాయి. బండి బురదలో దిగబడటం మానింది కదా. అతన్ని తప్పుపట్టడానికి నాకు కారణం కనిపించదు. మీ భర్త ఫోన్లో "పాతవి వేసెయ్" అన్న మాట మాత్రం అతని చెవిన పడకుండా చూడండి, ఆ మాట వింటే టైర్లు పక్కకు పోయి అన్నదమ్ముల తగువు మొదలవుతుంది. పాత చక్రాలు వేసి నడిపే పరీక్ష మీరొక్కరే చేయకండి. మరిదిని పిలిచి అతనితోనే విప్పించి, అతనితోనే నడిపించండి. కింగ్‌పిన్ ఊపి చూసేటప్పుడు పక్కనే నిలబెట్టండి. బండి ఎత్తు పెంచినవాడికి కాస్టర్ అంటే ఏమిటో తెలుసుకోవాలని ఉంటుంది. తప్పు ఎక్కడుందో తన చేతులకు తెలిశాక రెండు జతల ఆలోచన అతనే చెప్పొచ్చు. చెప్పకపోతే మీరు చెప్పండి, "నీ టైర్లు తోటకి కావాలి, తారు మీద అరగదీయడం నాకిష్టం లేదు" అని. అందులో అబద్ధం కూడా లేదు, తారు మీద అవి నిజంగానే తొందరగా అరుగుతాయి.

ఈ నెల పరీక్షకు తేదీ దగ్గర పడిందని రాశారు. యాక్సిల్ చూపించేదాకా అత్తగారిని జిప్సీలో ఘాట్ దింపొద్దు. ఈ ఒక్కసారికి అద్దె కారు పెట్టుకుని మీరు పక్కన కూర్చోండి, ఆవిడ ఒప్పుకుంటారు. మీరొక్కరే జిప్సీలో ఎక్కడికైనా వెళ్ళాల్సి వస్తే మీటరు 40 దాటించకండి. స్టీరింగు మళ్ళీ కొట్టుకుంటే గట్టిగా బ్రేకు వేయకండి, దాంతో పెనుగులాడకండి. ఆక్సిలేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకుని ఉంటే బండి దానంతట అదే నెమ్మదిస్తుంది. ఆగాక పక్కకు తీసి, నట్లు వదులయ్యాయేమో చూసుకుని, వెనక్కి తిరిగి ఇంటికే రండి. మిస్త్రీ ఊపి చూసినప్పుడు ఆట ఎక్కడ దొరికిందో, అడ్డగీత జరిగిందో లేదో రాయండి. దాన్నిబట్టి మిగతాది చూద్దాం.